తలుపు గడియా, బీపీ మాత్రా

మా నాన్న పడుకునే ముందు తలుపు గడియ మూడుసార్లు లాగి చూస్తారు. టీవీలో ఏదైనా హత్య వార్త చూసిన రోజైతే అర్ధరాత్రి లేచి మళ్ళీ చూస్తారు. ఆయన మంచం పక్క బల్ల మీదే బీపీ మాత్రల షీటు ఉంటుంది. మొన్న తీసి చూశాను. ఈపాటికి ఖాళీ అయిపోవాల్సిన షీటులో పదికి ఎనిమిది మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే "నాకేమైందమ్మా, బాగానే ఉన్నాగా" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

2021లో ప్రపంచమంతా కలిపి హత్యకు గురైనవాళ్ళు సుమారు 4 లక్షల 58 వేల మంది. గుండె, రక్తనాళాల జబ్బులతో 2019లో పోయినవాళ్ళు దాదాపు 1 కోటి 79 లక్షల మంది. అంటే సుమారు నలభై రెట్లు! అయినా మనకి కలలోకి వచ్చేది కత్తి పట్టుకున్న మనిషే. ఎందుకు రాడు, రోజూ చూపించేది వాడినేగా. అమెరికాలో రెండు దినపత్రికల మీద చేసిన పరిశోధన ఒకటి 1979లో వచ్చింది. అందులో తేలింది ఇది: జబ్బులతో పోయేవాళ్ళు హత్యలకు బలయ్యేవాళ్ళ కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. వార్తలు మాత్రం హత్యల మీదే సుమారు మూడు రెట్లు ఎక్కువ.

హత్యలో తిట్టుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడు. పక్షవాతం వస్తే ఎవర్ని తిడతాం? బీపీ అయితే నొప్పి కూడా పెట్టదు. 2019 లెక్కల ప్రకారం 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసులో బీపీ ఉన్నవాళ్ళు ప్రపంచంలో సుమారు 128 కోట్ల మంది. వాళ్ళలో దాదాపు 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా నాన్నకి తెలుసు. తెలిసీ మానేశారు, అదే నా బాధ.

హింసని తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఒక్క ప్రాణం పోయినా ఆ ఇల్లు మళ్ళీ మామూలుగా ఉండదు. కానీ అక్కడ కూడా మన భయం తప్పు వైపే చూస్తోంది. 2023లో ప్రపంచమంతా కలిపి హత్యకు గురైన ఆడవాళ్ళు సుమారు 85 వేల మంది. వాళ్ళలో 51 వేల మందికి పైగా భర్త, ప్రేమికుడు, లేదా సొంత ఇంటివాళ్ళ చేతుల్లోనే పోయారు. గడియ వేసేసరికి చంపేవాడు లోపలే ఉన్నాడన్నమాట. చీకట్లో బయటికి వెళ్ళొద్దని ఆడపిల్లలకి వందసార్లు చెప్తాం. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అని ఒక్కసారైనా అడిగామా?

నిన్న సాయంత్రం ఆ మాత్రల షీటుకి దారం కట్టి గడియ పక్కనే మేకుకి వేలాడదీశాను. రాత్రి నాన్న రెండుసార్లు గడియ లాగారు. మూడోసారి చెయ్యి షీటుకి తగిలింది. కాసేపు అలాగే నిలబడి, "మంచినీళ్ళు ఇవ్వమ్మా" అన్నారు.