తేల్చుకోవడానికి ఒక ఏడాది ఇవ్వండి

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి కళాశాలలు తెరిచేదాకా గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట: "పిల్లవాణ్ణి దేంట్లో వేస్తున్నారండీ?" పదిహేడేళ్ల పిల్లల దగ్గర దానికి ఠక్కున జవాబు ఉండాలని అందరూ ఆశిస్తారు. "ఇంకా ఏమీ అనుకోలేదండి" అన్న పిల్లకు చదువు మీద శ్రద్ధ లేదని తీర్మానించేస్తారు. ఆ తీర్మానం అన్యాయమని మేము భావిస్తున్నాం. ఎటూ తేల్చుకోకుండా కళాశాలలో చేరడం దోషం కాదు. అలా చేరినవారికి మొదటి సంవత్సరమంతా ఏమీ చూపించకుండా, ఎవరితోనూ మాట్లాడనీయకుండా గడిపించడమే దోషం.

ఇంజినీరింగ్‌లో ఏ కళాశాల, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల రోజుల్లో రావులపాలెంలోనో పాలకొల్లులోనో ఒక నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడితే నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో తెలుస్తుంది. తండ్రి చేతిలో ర్యాంకు కార్డు, ధ్రువపత్రాల కవరు, ఓటీపీ వచ్చే ఫోను ఉంటాయి. కుర్రాడు ఆయన వెనక నిలబడి ఉంటాడు. ఏ బ్రాంచి కావాలని ఆపరేటరు అడిగితే "ఏది మంచిదైతే అది పెట్టండి బాబూ" అంటాడు తండ్రి. అంతకుముందు వచ్చినవారికి ఏ వరుసలో పెట్టాడో ఆ వరుసలోనే, కంప్యూటర్ సైన్స్ మొదట ఉండేలా, ఆపరేటరు ఆప్షన్లు ఎక్కించేస్తాడు. కుర్రాడిని ఎవరూ ఏమీ అడగరు. ఇందులో ఆ తండ్రిని తప్పుపట్టలేం. నలుగురూ వెళ్తున్న దారి తప్ప ఆయనకు మరో దారి చూపినవారు లేరు. ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2024-25 నుంచి ఎత్తివేయడంతో గిరాకీ ఉన్న కోర్సుల్లో సీట్లు పెంచుకునే వీలు కళాశాలలకు మరింత పెరిగింది. సివిల్ ఇంజినీరింగ్ తీసుకుంటానన్న పిల్లవాడిని జాలిగా చూసే రోజులు వచ్చాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు, లాకులు, ఏటిగట్ల మీద ఆధారపడి అన్నం తింటున్న ప్రాంతంలో ఇలా జరగడం బాధ కలిగిస్తోంది.

డిగ్రీలో చేరేవారి చిక్కు వేరు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలలోనూ కాకినాడ పీఆర్ కళాశాలలోనూ గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలతో బీఎస్సీ చదివిన నిన్నటి తరం ఆ మూడింటినీ సమానంగా చదివింది. మూడింటిలో తమకు ఏది పట్టుబడిందో చూసుకుని, ఎమ్మెస్సీ దరఖాస్తు నాటికి తేల్చుకున్నవారు ఎందరో. 2023-24 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో ఒకే మేజర్ సబ్జెక్టు విధానం, అంటే చేరేటప్పుడే ఒక ప్రధాన సబ్జెక్టును ఎంచుకుని దాన్నే ముఖ్యంగా చదివే పద్ధతి వచ్చింది. ఒక శాస్త్రాన్ని లోతుగా చదవడం మంచిదే, దాన్ని మేము కాదనడం లేదు. కానీ ఇరవై ఏళ్ల వయసులో ఆలోచించి తీసుకునే నిర్ణయాన్ని ఈ విధానం రెండు మూడేళ్లు ముందుకు జరిపింది. నిర్ణయం ముందుకు జరిగినప్పుడు దానికి కావలసిన సమాచారం కూడా ముందుకు జరగాలి. అది జరగలేదు. ఊళ్లో చాలామంది ఆడపిల్లల విషయంలో ఆ నిర్ణయం కూడా సబ్జెక్టును బట్టి కాక, సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి చేర్చే బస్సు ఏ కళాశాల నుంచి ఉందన్నదాన్ని బట్టి జరుగుతోంది. చేరినవారు తక్కువయ్యారని దగ్గరి కళాశాలలో ఒక మేజర్‌ను ఎత్తేస్తే ముందుగా నష్టపోయేది వాళ్లే.

నిజానికి ఇంట్లో అందరూ భయపడుతున్నంతగా దారులు మూసుకుపోవు. ఇంటర్‌లో బైపీసీ చదవనివారికి వైద్య విద్య, గణితం లేనివారికి ఇంజినీరింగ్ అందవన్నది చాలావరకు నిజమే. కానీ సివిల్ సర్వీసులకు, గ్రూప్-2కు, బ్యాంకు ఉద్యోగాలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఎంబీఏకు ఐసెట్, మూడేళ్ల న్యాయవిద్యకు లాసెట్ డిగ్రీ తర్వాత కూడా రాసుకోవచ్చు. ఇంజినీరింగ్‌లో సైతం మొదటి ఏడాది పాఠాలు చాలావరకు అన్ని బ్రాంచిలకూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఈ నాలుగు మాటలు చేరే ముందు ఎవరైనా కూర్చోబెట్టి చెబితే ఎందరో పిల్లలకు రాత్రి నిద్ర పడుతుంది.

ఇక చూడవలసినవాటి సంగతి. వృత్తులను దగ్గర నుంచి చూడడానికి మన డెల్టా పిల్లలు హైదరాబాదో బెంగళూరో వెళ్లనక్కరలేదు. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో ఒక ఉదయం గడిపితే చాలు. రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టి తెస్తారు. వాటిలో అమ్మోనియా ఎంత, క్షారత ఎంత, ఉప్పు ఎంత అని అక్కడి కుర్రవాళ్లు వరుసగా చూసి కాగితం మీద రాసిస్తారు. రొయ్య పిల్లలో తెల్లమచ్చ వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఆ కాగితం చూసుకునే రైతు ఆ రాత్రి మేత తగ్గించాలా, నీరు మార్చాలా అని నిర్ణయించుకుంటాడు. బీఎస్సీ రసాయన శాస్త్రం చదివి ఏం చేస్తారన్న ప్రశ్నకు అంతకన్నా స్పష్టమైన జవాబు ఏ కౌన్సెలింగ్ ఉపన్యాసంలోనూ దొరకదు. ఆ పని తనకు సరిపడదని అక్కడే గ్రహించే పిల్లలూ ఉంటారు, వారికీ ఆ ఉదయం లాభమే. మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది. దేశంలో అనేక రాష్ట్రాల్లో పండించిన స్వర్ణ రకం, అంటే ఎంటీయూ 7029, 1982లో అక్కడి నుంచే వచ్చింది. ఒక్క కొత్త వంగడం వెనక జన్యుశాస్త్రం, కీటకశాస్త్రం, నేలల శాస్త్రం, గణాంకశాస్త్రం ఎలా కలిసి పనిచేస్తాయో అక్కడి పొలం గట్టు మీద నిలబడి వింటే అర్థమవుతుంది. కాకినాడ రేవులో సరుకుల ఎగుమతి చూసిన బీకాం విద్యార్థికి కస్టమ్స్, బీమా, రవాణా అనే మూడు మాటలకు రూపం వస్తుంది.

ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినప్పుడు, మొదటి ఏడాది ముగిశాక సామాజిక సేవా ప్రాజెక్టును అందులో భాగం చేశారు. దాన్ని పాత నివేదికకు నకలు తీసి సంతకం పెట్టించుకునే తంతుగా మిగల్చకుండా, విద్యార్థి రెండు మూడు రకాల పనిచోట్లను చూసి, అక్కడి మనుషులతో మాట్లాడి తన మాటల్లో రాసే అవకాశంగా మలచాలి. మొదటి సెమిస్టరులోనే ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుణ్ణి కేటాయించాలి. ఆ అధ్యాపకుడు మార్కుల గురించి కాక, ఏ పాఠం దగ్గర సమయం తెలియకుండా గడిచింది, ఏ పాఠం ఎంత చదివినా తలకెక్కలేదు అని అడగాలి. అధ్యాపక ఖాళీలు అలాగే ఉంచి ఈ పని చేయమనడం న్యాయం కాదు గనుక ప్రభుత్వం ముందు ఆ ఖాళీలను నింపాలి.

మేజర్‌నో బ్రాంచినో మార్చుకోవాలనుకున్నవారికి గడువు ఎప్పటిదాకా, ఏ షరతుల మీద, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుందన్న వివరాలను ప్రతి కళాశాలా ప్రవేశాల నాడే నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. ఇప్పుడు ఇవి అడిగినవారికి అడిగినట్టు, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుండడంతో, మారాలనుకున్న పిల్లలు రెండో ఏడాది వచ్చేదాకా నోరు విప్పడం లేదు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒకటుంది. ఎకరం తాకట్టు పెట్టి చదివిస్తున్నవారి ఆందోళన మాకు తెలుసు. వారిని నిదానంగా ఉండమనడం తేలికే, ఉండడమే కష్టం. అయినా ఈ ఒక్క సంవత్సరం, మేనమామ కొడుకుకు ఎంత జీతం వస్తోందన్న ప్రస్తావన భోజనాల దగ్గర తేవద్దు. బదులుగా ఆ వారం కళాశాలలో ఏం చెప్పారో అడగండి, చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. ఈ కోర్సు తనకు పడడం లేదని మొదటి సెమిస్టరు తర్వాత పిల్లలు చెబితే, మరునాడే వారితో కలిసి కళాశాలకు వెళ్లి ఆ అధ్యాపకుడితో మాట్లాడండి.