ప్రింటరుగారు, కాపీ 1గారు

తనకు ఒక్కసారి తగిలించిన వస్తువును కంప్యూటరు ఏళ్ళ తరబడి మరచిపోదు. అదే వస్తువు కళ్ళెదుట నిలబడినా ఒక్కోసారి గుర్తుపట్టదు. ఈ రెండు గుణాలూ కూడబలుక్కొని మా బావగారి మీద పడ్డాయి.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఈ వ్యవహారం కొంత మర్యాదగా సాగేది. ల్యాప్‌టాప్‌ను డాకింగ్ స్టేషనులో, అంటే బల్ల మీది పరికరాలన్నింటికీ దాన్ని ఒకేసారి కలిపే పీఠంలో, ఉంచినప్పటికి ఒకటి, విడిగా వాడేటప్పటికి మరొకటి చొప్పున హార్డ్‌వేర్ ప్రొఫైళ్ళు, అంటే ఏయే పరికరాలు వాడాలో చెప్పే జాబితాలు, ఏర్పాటు చేసుకుంటే, యంత్రం మొదలవుతూనే వాటిలో ఏది కావాలో అడిగేది. మనం పలకకపోతే 30 సెకన్లు చూసి మొదటిదానితో సరిపెట్టుకొనే వెసులుబాటూ ఉండేది. 2007లో దాని తరువాతి విండోస్ అయిన విస్టా జనం చేతికి వచ్చేసరికి ఆ అడిగే అలవాటు పోయింది. రాసుకొనే అలవాటు మాత్రం అలాగే ఉంది. ఏ పరికరం ఎక్కడ తగిలిందో, దానికి ఏ డ్రైవరు (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) జత అయిందో రిజిస్ట్రీ అనే విండోస్ సొంత చిట్టాలోని ‘ఎనమ్’ అనే విభాగంలో నమోదవుతుంది. పరికరాన్ని ఊడదీసినా ఆ నమోదు చెరగదు.

అక్కయ్య బల్ల మీది దుమ్ము తుడుస్తూ ప్రింటరు వైరు తీసి, తిరిగి పెట్టేటప్పుడు పక్క పోర్టులో పెట్టింది. మనిషి దృష్టికి ఇది అంగుళం తేడా. యూఎస్‌బీ పరికరం లోపల దానికంటూ ఒక సీరియల్ నంబరు ఉంటే విండోస్ ఏ పోర్టులోనైనా దాన్ని ఆనవాలు పడుతుంది. లేకపోతే అది తగిలిన పోర్టునే దాని గుర్తుగా తీసుకుంటుంది. ఒక నంబరు వేయడానికి చేతులు రాని తయారీదారుల పొదుపును ఏమని పొగడాలో నాకింకా తోచలేదు. ఫలితంగా పాత ప్రింటరు ఆఫ్‌లైనులోకి జారిపోగా, ‘కాపీ 1’ అనే తోక తగిలించుకొని అదే ప్రింటరు కొత్తగా కొలువులో చేరింది. డిఫాల్టు హోదా, అంటే ఏ ప్రింటరో చెప్పకపోతే పని తనకే వచ్చే హోదా, మాత్రం కొలువులో లేని పాతవారి పేరనే ఉండిపోయింది.

బావగారు మూడు పేజీల ఉత్తరానికి ప్రింటు కొట్టారు. చలనం లేదు. మళ్ళీ కొట్టారు, గట్టిగా కొట్టారు, కంప్యూటరును ఆపి మళ్ళీ పెట్టి మరీ కొట్టారు. ప్రింటు పనులను వరుసలో పెట్టే స్పూలరు అనే ప్రోగ్రాము తనకు అందిన పనులను డిస్కు మీద దాచుకుంటుంది కనుక ఆయన కోపమంతా పొల్లుపోకుండా వరుసలో భద్రపడింది.

“ఏమోయ్, ఇది చచ్చిపోయినట్టుంది. కొత్తది కొనేద్దాం” అన్నారు నాతో.

“కొత్తది వచ్చేసింది బావగారూ” అని ‘కాపీ 1’ను చూపించి, వైరును మొదటి పోర్టులోకి మార్చాను. ప్రింటరు ఒక్క మూలుగు మూలిగి, ఆ ఉత్తరాన్ని ఆయన ఎన్నిసార్లు ఆజ్ఞాపించారో అన్నిసార్లూ అచ్చువేయడం మొదలుపెట్టింది. రద్దు చేయబోతే “తొలగిస్తున్నాను” అని తెర మీద వినయంగా చెబుతూనే ట్రేలోని కాగితాలన్నీ ఖాళీ చేసింది.

ఇకపై ఇలాంటి అనర్థం జరగకూడదని బావగారు మొదటి పోర్టు తప్ప తక్కిన అన్నింటి మీదా టేపు అంటించారు. మర్నాడు అక్కయ్యకు పెన్‌డ్రైవు పెట్టవలసిన అవసరం కలిగింది. తెరిచి ఉన్న పోర్టు ఒక్కటే కనబడటంతో ప్రింటరు వైరును పీకి దాని స్థానంలో పెన్‌డ్రైవు పెట్టింది. ఆ తరువాత, పాపం, రెండో పోర్టు మీది టేపు ఒలిచి ప్రింటరును అందులో పెట్టింది. కంప్యూటరు ఈసారి క్షణమైనా తడుముకోకుండా ‘కాపీ 1’ను ఆనవాలు పట్టి ఆహ్వానించింది, బావగారు అప్పటికే పక్క గదిలోని ల్యాప్‌టాప్ నుంచి ఈ కంప్యూటరులోని పాత డిఫాల్టు ప్రింటరుకు రెండోసారి ప్రింటు కొడుతున్నారు.