ఖాళీగా ఉంటే బాగోదని

నూజివీడు నుంచి ఆవకాయకి కాయలు వేసుకుని వస్తున్నాం. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కాక మా పన్నెండేళ్ళ కారు గుర్రంలా పరుగెత్తింది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగామో లేదో, ఏసీ వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకింది.

ఇంజన్ వేడెక్కితే ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా పెట్టాలి. ఇంజన్ వేడి కొంత కారులోకి వచ్చేస్తుంది. మాట నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం, విజయవాడలో, వెనక సీట్లో మామగారు ఉండగా ఆ పని చేసి చూడండి.

"అల్లుడుగారూ, పెళ్ళిలో మర్యాదలకేమైనా లోటు చేశామా?" అన్నారాయన, తువ్వాలు పిండుకుంటూ.

పక్కకి తీసి ఆపాను. ఆయన దిగీదిగగానే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే గబుక్కున పట్టుకున్నాను. లోపల ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీళ్ళు, మూత తియ్యగానే మొహాన చిమ్ముతాయి. ముప్పావుగంట చల్లార్చి, ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరాం.

మర్నాడు ఆదివారం. బానెట్ ఎత్తగానే అపార్ట్‌మెంటంతా చేరింది. వాచ్‌మన్ బోరు నీళ్ళ బకెట్ తెచ్చాడు. ఆ నీళ్ళకి గీజర్లే ఉప్పు కట్టి పోతున్నాయి, రేడియేటర్ ఒక లెక్కా? వద్దని, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాను. పై ఫ్లాటాయన "థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటుంది" అన్నారు. వేడెక్కితే తెరుచుకుని నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే బుల్లి తలుపు అది. ఊడదీసి, వంటింట్లో చేతికందిన గిన్నెలో వేసి నీళ్ళు కాచాను. థర్మోస్టాట్ చక్కగా నోరు తెరిచింది. అది పాలగిన్నె అని చూసి మా ఆవిడా తెరిచింది.

తిట్లన్నీ అయ్యాక అసలు ప్రశ్న ఆవిడే వేసింది. "హైవే మీద లేని వేడి సిగ్నల్ దగ్గరే ఎందుకొచ్చిందండీ? ఏసీ కూడా అక్కడే చచ్చిందిగా?"

నిజమే! బండి పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాన్‌ది. థర్మోస్టాట్ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి కాసుక్కూర్చున్నాం. ముల్లు సగం దాటింది, ఫ్యాన్ కదల్లేదు. ఇంజన్ ఆపి, ఫ్యాన్ వైర్లు విప్పి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది. అంటే ఫ్యాన్ మంచిదే, కరెంటే అందట్లేదు. "ఎలుకలు వైరు కొరికి ఉంటాయి," అన్నాను, డాక్టర్‌లా.

మా ఆవిడ ఫ్యూజుల పెట్టె మూత తీసి, వెనక ఉన్న బొమ్మ చూసింది. "ఇక్కడ ఫ్యాన్ బొమ్మ పక్కన 30 అని ఉంది. మరి ఈ నీలం రంగుదాని మీద 15 అని ఉందేంటి? మాడిపోయి కూడా ఉంది."

నా గొంతులో తడి ఆరిపోయింది. వారం క్రితం ఫోన్ ఛార్జింగ్ సాకెట్ పనిచెయ్యకపోతే, ఈ పెట్టెలోంచి ఓ ఆకుపచ్చ 30 ఫ్యూజు పీకి అక్కడ పెట్టింది నేనే. పీకిన చోటు ఖాళీగా ఉంటే బాగోదని మాడిపోయినదాన్ని ఇక్కడ గుచ్చిందీ నేనే. సాకెట్‌కి 15 ఆంపియర్లది ఉండాల్సిన చోట 30ది పెడితే, కరెంటు ఎక్కువైనప్పుడు ఫ్యూజు నిలబడి వైర్లు మాడతాయి. ఇంకా మాడలేదంటే అది నా పుణ్యం కాదు.

షాపుకెళ్ళి ఆకుపచ్చదొకటి, నీలందొకటి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాను. ఫ్యాన్ తిరిగింది.

"ఎలుకేనా అల్లుడుగారూ?" అన్నారు మామగారు, పేపర్ వెనకనుంచి.

"ఎలుకే నాన్నా," అంది మా ఆవిడ. "కాస్త పెద్దది."