టాలెంట్ ఉంటే 15 ఏళ్లకే ప్రో అయిపోవాలా?

"టాలెంట్ ఉన్నోడికి వయసుతో పనేంటి, 15 ఏళ్లకే ప్రోలో దించేయండి, లేట్ చేస్తే కెరీర్ పోతుంది, సచిన్‌ని చూడండి" అని ఒక పోస్ట్ తెగ తిరుగుతోంది. ప్రో అంటే ప్రొఫెషనల్, డబ్బు తీసుకుని పెద్దవాళ్లతో ఆడేవాడు. ఆడే పిల్లలున్న అమ్మానాన్నలే దాన్ని షేర్ చేస్తుంటే భయమేసింది, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నా.

ముందు సచిన్ సంగతి. నిజమే, 1989లో కరాచీలో 16 ఏళ్లకే టెస్ట్ ఆడాడు. కానీ మనకి గుర్తుండేది నెగ్గుకొచ్చిన వాళ్లే కదా. ఫ్రెడ్డీ అడూ 2004లో 14 ఏళ్లకే అమెరికా ప్రో ఫుట్‌బాల్ లీగ్‌లో దిగాడు, కొత్త పీలే అని మోసేశారు, తర్వాత డజనుకి పైగా క్లబ్బులు మారినా ఎక్కడా కుదురుకోలేదు. లెక్క వేస్తే ఇద్దర్నీ వెయ్యాలి.

"బాడీ పెద్దోళ్లలాగే ఉందిగా" అనేది రెండోది, నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఆరడుగులు పెరిగినంత మాత్రాన ఎముక ముదిరిపోదు, ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు, అంటే ఎముక పెరిగే చోట్లు, ఇంకా మెత్తగానే ఉంటాయి, టీనేజ్ ఫాస్ట్ బౌలర్లకి నడుం దగ్గర వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే పగుళ్లు, రావడానికి ఎముక ముదరకపోవడం కూడా ఒక కారణం, ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు జూనియర్ పేసర్లకి వయసుని బట్టి ఓవర్ల లిమిట్ పెట్టింది ఊరికే కాదు. నాతో ప్రాక్టీస్ చేసిన ఒక 15 ఏళ్ల కుర్రాడు కిట్ బ్యాగ్ జిప్ వేయడానికి వంగేవాడు కాదు, మోకాళ్ల మీద కూర్చుని వేసేవాడు. ఏంట్రా అంటే "సెలెక్షన్స్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకన్నా" అన్నాడు. జూనియర్ మ్యాచ్‌కే నొప్పి దాచుకున్నాడు, జీతం ఇచ్చే టీమ్ దగ్గర నోరు విప్పుతాడా?

లేట్ అయితే పోతుందన్నది అసలు నిలబడదు. స్టీఫెన్ కర్రీ మూడేళ్లు కాలేజీలో ఆడి 2009లో అమెరికా ప్రో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి వచ్చాడు, రెండుసార్లు ఎంవీపీ, అంటే సీజన్ బెస్ట్ ప్లేయర్ అయ్యాడు.

ఇక డబ్బు. ఇంట్లో ఇబ్బందులుంటే ఆశ పుడుతుంది, దాన్ని తప్పు పట్టను. కానీ అమెరికా టెన్నిస్ ప్లేయర్ జెన్నిఫర్ కాప్రియాటి ఏమైందో చూడండి. 1990లో 13 ఏళ్లకి ప్రో అయింది, ఒక్క ప్రో మ్యాచ్ ఆడకముందే లక్షల డాలర్ల ఎండార్స్‌మెంట్లు, 1992 ఒలింపిక్స్‌లో స్టెఫీ గ్రాఫ్‌ని ఓడించి గోల్డ్, మరుసటి ఏడాది యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో ఓడిపోయి టూర్ వదిలేసింది, అప్పటికి 17 ఏళ్లు. తర్వాత పోలీస్ కేసు కూడా. 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి తిరిగి నిలబడింది, అది ఆమె గొప్పతనం, మధ్యలో పోయిన ఏళ్లు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు కదా.

పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టమని నేను అనట్లేదు. కాప్రియాటి టూర్ వదిలేశాకే 1995లో మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ రూల్ పెట్టింది, 14 నిండకపోతే ప్రో టోర్నీల్లేవు, 18 వచ్చేదాకా ఏడాదికి ఇన్నే అని లిమిట్. అమెరికా అమ్మాయి కోకో గాఫ్ ఆ లిమిట్‌లోనే ఆడుతూ 2019లో 15 ఏళ్లకి వింబుల్డన్‌లో వీనస్ విలియమ్స్‌ని ఓడించింది, 19కి యూఎస్ ఓపెన్ గెలిచింది. మీ దగ్గరికి కాంట్రాక్ట్ వస్తే సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి, పిల్లాడు నొప్పి అంటే ఆట ఆపేది ఎవరు, ఆ రోజుల్లో జీతం వస్తుందా రాదా, అది కాగితం మీద రాసివ్వమనండి.