కుర్చీ వాలింది, నేను వాలలేదు

పావుగంట క్రితం కొత్త కుర్చీలోంచి వెనక్కి పడబోయి, లేచొచ్చి ఇది రాస్తున్నా. గుండె ఇంకా దడదడలాడుతోంది. దయచేసి ఎవరూ "యోగా చెయ్యండి మేడమ్" అని కామెంట్ పెట్టొద్దు, బ్లాక్ చేసేస్తా.

నాలుగు నెలలు వెతికానండీ. డిగ్రీ పరీక్షలకి కూడా అన్ని పేజీలు చదవలేదు, ఈ కుర్చీల రివ్యూలు చదివినన్ని. అవైనా ఎలాంటి రివ్యూలు! "సూపర్, ఇంకా పెట్టె విప్పలేదు" అని ఐదు నక్షత్రాలు. "మా బాబుకి చాలా నచ్చింది, గిరగిరా తిరుగుతున్నాడు" అని ఇంకో ఐదు. నాకు తిరగక్కర్లేదు తల్లీ, వాలాలి. రోజుకి తొమ్మిది గంటలు స్క్రీన్ ముందు కూర్చునే నడుం కాసేపు వెనక్కి వాలి ఊపిరి పీల్చుకోవాలి. అంతే నా కోరిక.

సరే, వచ్చింది. గంటన్నర కూర్చుని బిగించా. ఒక స్క్రూ మిగిలింది. కూర్చుని, కుడిచేతి కింద లివర్ లాగి వీపు ఆనించానో లేదో, వీపుతో పాటు సీటూ లేచింది! మోకాళ్ళు గడ్డం దాకా, పాదాలు గాల్లో. వెల్లకిలా పడ్డ బొద్దింకకీ నాకూ తేడా లేదు.

పెట్టె మీద మాత్రం ఇంతేసి అక్షరాలతో "135 డిగ్రీలు" అని. ఆ అంకె ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో నాకు తెలుసు. 2006లో స్కాట్లాండ్‌లో 22 మందిని ఎంఆర్ఐలో రకరకాలుగా కూర్చోబెట్టి చూస్తే, తొడకీ నడుముకీ మధ్య 135 డిగ్రీలున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద ఒత్తిడి తక్కువగా కనిపించింది. తొడకీ నడుముకీ మధ్య, బాబూ! సీటూ వీపూ ఒకే ముక్కలా ఊగితే ఆ కోణం ఎక్కడ మారి చచ్చింది? నీళ్ళ బిందెని వంచినట్టు కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే వంచేసి దాన్ని రిక్లైనింగ్ అంటారా? వీపు రెండు డిగ్రీలు వాలితే సీటు ఒక్క డిగ్రీయే కదిలేలా చేసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది, సింక్రో టిల్ట్ అంటారు. అది ఉందో లేదో ఒక్కడూ రాయడు. "ప్రీమియం", "బాస్ లుక్" అని మాత్రం రాస్తారు.

ఇక కొలతలు. నడుం దిండు నా భుజం ఎముకల్ని పొడుస్తోంది. మెడకని పెట్టిన మెత్త నా నెత్తిని ముందుకి తోస్తోంది. సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. నాకు వెంట్రుక కూడా దూరదు. వీపు ఆనిస్తే పాదం నేలకందదు, పాదం ఆనిస్తే వీపు అందదు. చెప్పులకి సైజులున్నాయి, హెల్మెట్‌కి సైజులున్నాయి, కుర్చీ మాత్రం "అందరికీ సరిపోతుంది"! ఆ అందరూ ఆరడుగుల మగాళ్ళే కాబోలు. 1994లో వచ్చిన హెర్మన్ మిల్లర్ కంపెనీ వాళ్ళ ఏరాన్ కుర్చీ ఏ, బి, సి అని మూడు సైజుల్లో దొరుకుతుంది. మనుషులు పొట్టీ పొడుగూ ఉంటారని కనిపెట్టినవాళ్ళు ఉన్నారన్నమాట.

"బాస్ లుక్" అంటే గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ కుర్చీ వీపు ఆయన తలకంటే ఎత్తు. మా కుర్చీలు నడుం దాటేవి కావు, అరంగుళం కూడా వాలేవి కావు. ఓసారి ధైర్యం చేసి అడిగా. "వాలితే నిద్దరొస్తుందమ్మా, పని సాగదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన పూర్తిగా వెనక్కి వాలి ఉన్నాడు! మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ గదిలోంచి కుర్చీ కిర్రుమనడం, దాని వెనకే గురక. పని సాగేది మాది.

నడుం నొప్పి ఓర్చుకోలేక ఒకరోజు తువ్వాలు మడిచి వీపు వెనక పెట్టుకున్నా. మేనేజర్ అటుగా వెళ్తూ చూసి, "పరుపు కూడా తెచ్చుకోవాల్సింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తొమ్మిదేళ్ళయింది, ఆ నవ్వినందుకు నామీద నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సొంత డబ్బుతో, సొంత గదిలో, ఎవడి అనుమతీ లేకుండా వాలదామనే కదా ఇన్ని నెలలు వెతికింది!

రిటర్న్ పెడదామని చూస్తే "పెట్టెలో వచ్చినట్టే విప్పి పంపండి" అంటున్నారు. సీటుని పైకీ కిందికీ జరిపే గ్యాస్ గొట్టం కింద చక్రాల కాళ్ళలో ఒకసారి బిగుసుకుందంటే చేత్తో లాగితే రాదు, తలకిందులు చేసి సుత్తితో కొట్టాలి. సరే, సుత్తి వెతుకుతున్నా. ఆ మిగిలిన స్క్రూ మాత్రం చచ్చినా ఇవ్వను.