అపాచీలకు అందని మత స్వేచ్ఛ

1993లో అమెరికా సెనేట్ మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టాన్ని 97-3 ఓట్లతో ఆమోదించింది. గట్టి కారణం లేకుండా ప్రభుత్వం ఎవరి మతాచరణ మీదా పెద్ద భారం మోపకూడదనేది దాని సారం. ఉదారవాది టెడ్ కెన్నెడీ, సంప్రదాయవాది ఆరిన్ హ్యాచ్ కలిసి తెచ్చిన బిల్లు అది. క్లింటన్ సంతకం పెట్టారు. ఈరోజు అదే చట్టం పేరెత్తితే ఒక పార్టీ వాళ్లు చప్పట్లు కొడతారు, ఇంకో పార్టీ వాళ్లు అనుమానంగా చూస్తారు. మా మత విశ్వాసానికి విరుద్ధమంటూ ఉద్యోగుల బీమాలో కొన్ని గర్భనిరోధకాలకు డబ్బు కట్టనన్న హాబీ లాబీ కంపెనీ 2014లో ఈ చట్టం కిందే సుప్రీంకోర్టులో 5-4తో గెలిచింది. అప్పట్నుంచీ చీలిక ముదిరింది.

ఆ తీర్పు మీద రెండు పక్షాలూ కొట్టుకుంటుండగా, చట్టం పుట్టుకకు కారణమైన ఆదివాసీలను అందరూ మర్చిపోయారు. నేటివ్ అమెరికన్ చర్చ్ అనే ఆదివాసీ మత సంస్థ ఆరాధనలో పెయోటీ (మత్తు కలిగించే ఒక జెముడు మొక్క) తీసుకుని ఉద్యోగం పోగొట్టుకున్న ఇద్దరికి నిరుద్యోగ భృతి ఇవ్వక్కర్లేదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి జవాబుగా వచ్చిందే ఈ చట్టం.

ఇప్పుడు అరిజోనాలోని ఓక్ ఫ్లాట్ చూడండి. అపాచీ అనే ఆదివాసీ తెగ ఆడపిల్లలు పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుక అక్కడే జరుగుతుంది. ఆ నేల కింద రాగి ఉంది. హాబీ లాబీ గెలిచిన ఏడాదిలోనే, డిసెంబరులో, రక్షణ బిల్లులో ఒక సెక్షన్ ఇరికించి ఆ ప్రభుత్వ భూమిని రియో టింటో, బీహెచ్‌పీల ఉమ్మడి సంస్థకు ఇచ్చే మార్పిడికి కాంగ్రెస్ దారి వేసింది. తవ్వితే మిగిలేది దాదాపు రెండు మైళ్ల వెడల్పు గొయ్యి. అపాచీలు 1993 చట్టం పట్టుకుని కోర్టుకెక్కారు. ప్రభుత్వం తన భూమిని బదిలీ చేయడం మతం మీద భారం కాదని 2024లో అప్పీళ్ల కోర్టు 6-5తో తేల్చింది. పూజ చేసుకునే చోటే గోతిలో కలిసిపోతే అంతకన్నా భారం ఏముంటుంది? 2025 మేలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఒక చారిత్రక క్యాథెడ్రల్‌ను కూల్చబోతే ఇలా వదిలేస్తామా అన్న అర్థంలో అసమ్మతి రాసింది ట్రంప్ నియమించిన జస్టిస్ గోర్సచ్. అప్పీళ్ల కోర్టులో భూమి మార్పిడిని సమర్థించింది బైడెన్ ప్రభుత్వం. ఈ అన్యాయానికి రెండు పార్టీలూ బాధ్యులే.

క్రైస్తవుల మీదే అధికారుల చిన్నచూపు ఉందని రిపబ్లికన్లు అంటారు. స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న కొలరాడో కేకుల వ్యాపారి కేసులో అధికారులు అతని మతాన్ని చిన్నచూపు చూశారని 2018లో సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది. ఒప్పుకుంటాను. కానీ ఆ వ్యాపారికి దొరికిన గౌరవం అపాచీ పిల్లకూ దొరకాలి.

ఇది అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకూ సంబంధించిన విషయం. టెక్సాస్ షుగర్‌ల్యాండ్‌లో చిన జీయర్ స్వామి ప్రతిష్ఠించిన 90 అడుగుల ఆంజనేయుడిని 2025లో ఒక రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి తప్పుడు దేవుడన్నారు, అమెరికా క్రైస్తవ దేశమన్నారు. అదే ఏడాది డాలస్ దగ్గర ముస్లింలు తలపెట్టిన మసీదు, ఇళ్ల ప్రాజెక్టు మీద టెక్సాస్ గవర్నర్ విచారణల మీద విచారణలు వేయించారు. గుడి కట్టుకోనివ్వకుండా ఎక్కడ ఏం కట్టొచ్చో నిర్ణయించే ఊరి జోనింగ్ బోర్డు అడ్డుపడితే మనం ఆశ్రయించే 2000 నాటి చట్టమే మసీదుకూ వర్తిస్తుంది. డాలస్, హ్యూస్టన్ ఆలయ కమిటీలు, తెలుగు సంఘాలు ఆ మసీదు గురించీ ఓక్ ఫ్లాట్ గురించీ బహిరంగంగా మాట్లాడాలి. విరాళాలు అడగడానికి వచ్చే రెండు పార్టీల అభ్యర్థులనూ ముందు ఈ రెండు ప్రశ్నలే అడగాలి.