రోసెటో కథని సగం నుంచి చెప్పకండి

మా ఫ్యామిలీ గ్రూపులో ఆ రోసెటో వీడియో మళ్లీ వచ్చింది. అమెరికాలో ఒక ఇటాలియన్ ఊరంట, అందరూ కలిసిమెలిసి ఉండేవాళ్లంట, అందుకే గుండెపోట్లు రాలేదంట, కాబట్టి ఉమ్మడి కుటుంబాలే మేలంట. కింద మా బాబాయి పెట్టిన దణ్ణాలు వరసగా పది.

ఒళ్లు మండి చెప్తున్నా. ఆ కథ అమెరికాలో మొదలవలేదు. దక్షిణ ఇటలీలో ఫోజ్జా వైపు కొండల మీద రోసెటో వాల్‌ఫోర్తోరే అని ఒక ఊరుంది. ఇళ్లు పైన, పొలాలు కింద లోయలో. పొద్దున్నే దిగాలి, ఒళ్లు హూనమయ్యాక సాయంత్రం మళ్లీ ఎక్కాలి. 1861లో ఇటలీ ఒకే రాజ్యమైంది, ఇక బతుకులు మారతాయనుకున్నారు. 1869లో మర పట్టించుకునే గింజల మీద కూడా పన్ను పడింది. రొట్టె తిన్నందుకు పన్ను! 1876-1915 మధ్య ఇటలీ నుంచి దాదాపు కోటీ నలభై లక్షల మంది బయటికి పోయారంటే ఊరికే పోయారా? (చాలామంది తిరిగొచ్చారు, అది వేరే కథ.)

1882లో ఈ ఊరి నుంచి పదకొండు మంది ఓడెక్కారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బాంగర్ అనే ఊరి దగ్గర పలకరాయి క్వారీల్లో పని దొరికింది. బాంగర్‌లో బలం వేల్స్, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లది. వీళ్లేమో కొండవాలున విడిగా ఇళ్లు కట్టుకుని, పాత ఊరి పేరే పెట్టుకున్నారు. దీన్నే వీడియోలో ‘ఐకమత్యం’ అంటున్నారు. పక్క ఊళ్లో మనల్ని మనుషుల్లా చూడకపోతే మనమూ ఒకరినొకరం అంటిపెట్టుకునే ఉంటాం కదా! 1890ల చివర్లో వచ్చిన చర్చి ఫాదర్ పాస్కాలె ద నిస్కో పెరళ్లలో కూరగాయలు, పండ్ల చెట్లు వేయించాడు. 1912కల్లా ఊరికి సొంత పాలన వచ్చింది.

డాక్టర్ స్టీవర్ట్ వుల్ఫ్ బృందం 1960ల మొదట్లో అక్కడ పరీక్షలు చేసింది. పక్క ఊళ్లతో పోలిస్తే గుండెపోటు చావులు చాలా తక్కువ. తిండి వల్లా అంటే, వాళ్లు వండేది పంది కొవ్వుతో! రెండు వేలు కూడా నిండని ఊరి లెక్కల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో నాకైతే అనుమానమే. సరే, ఒప్పుకుందాం. కానీ వీడియోలో మూడు తరాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంటే చూపించారు గానీ, ఆ ఊరి ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో బ్లౌజులు కుట్టి కుటుంబాలు నిలబెట్టిన సంగతి ఒక్క ముక్క లేదు. క్వారీ దుమ్ము సంగతీ లేదు.

తర్వాత పిల్లలు కాలేజీలకెళ్లారు, కార్లు కొన్నారు, దూరదూరంగా పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. 1935 నుంచి 1985 దాకా చావుల లెక్కలు తీసి 1992లో ప్రచురించారు. 1960ల తర్వాత గుండెపోటు చావుల్లో రోసెటో కూడా బాంగర్‌ లాగే అయిపోయింది. మనవాళ్లు వెంటనే ‘చూశారా, ఉమ్మడి కుటుంబం పోయింది, గుండె పోయింది’ అంటారు. ఆ పిల్లలు చదువుకోవాలనే కదయ్యా తాతలు రాళ్లు కొట్టింది!

అటు ఇటలీలో పాత రోసెటోలో ఇప్పుడు ఉన్నది సుమారు వెయ్యి మంది. ఈసారి వీడియో వస్తే బాబాయిని ఒకటే అడుగుతా: అంత ఐకమత్యం పుట్టిన కొండ మీద ఇంతమందే ఎందుకు మిగిలారు బాబాయ్?